గోడ వెనక అగరుబత్తి

"ఇక్కడ ఏ దేవుడున్నడు సార్?" అని అడిగాడు యాదయ్య.

యాదయ్య మా ఫ్యాక్టరీ వెనక గేటు దగ్గర కాపలా ఉంటాడు. నేను ఆ ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ని. ఎండలు ముదరకముందే ప్రహరీ చుట్టూ తిరిగి, ఎక్కడ గడ్డి ఎండింది, ఎక్కడ ఏం పడి ఉంది, ఏది అంటుకుంటే దాని వెంట ఏది అంటుకుంటుంది అని చూసుకోవడం నా పనుల్లో ఒకటి. లోపల అగ్గిపుల్ల గీస్తే ఉద్యోగం ఊడుతుంది. అందుకని గేటు దాటి, గడ్డి లేని మట్టినేల చూసుకొని, పక్కన నీళ్ళ సీసా పెట్టుకొని, ఒక అగరుబత్తి ముట్టించి, దాని పొగ ఎటు వంగుతుందో చూస్తున్నాను.

"దేవుడు లేడు యాదయ్యా. గాలి చూస్తున్న."

యాదయ్య నమ్మలేదు. వంగి మెల్లగా బూట్లు విప్పి పక్కన పెట్టాడు.

అలా ఒట్టి కాళ్ళతో చేతులు కట్టుకొని నిలబడ్డ మనిషిని చూసేసరికి, నేను మొదట కిరాయికున్న గది యజమాని సేటమ్మ గుర్తొచ్చింది. కొన్నేళ్ళ కింద ఆమె నా ముందు మొదటిసారి అగరుబత్తి వెలిగించినప్పుడు నేనూ ఇలాగే చెప్పులు విప్పాను. "తొడుక్కోరా, ముళ్ళున్నయ్," అంది ఆమె, పొగ మీంచి చూపు తిప్పకుండా.

సేటమ్మ పోయిన వానాకాలంలో కన్నుమూసింది. ఆ కబురు నాకు ఆలస్యంగా అందింది. ఆమె అసలు పేరు నాకు తెలియదు. గదుల కరెంటు బిల్లు ఆమె భర్త పేరున వచ్చేది. మేమంతా సేటమ్మా అనేవాళ్ళం, ఒడిశా బిహార్ కుర్రాళ్ళు దాదీ అనేవాళ్ళు.

పటేల్‌గూడ దాటి కొంచెం లోపలికి పోతే ఒక రాళ్ళ గుట్ట ఉంది. దాని పాదం దగ్గర ఒకే వరసలో రేకుల గదులు. అవి ఆమెవి. తలుపులన్నీ ముందు సందులోకి తెరుచుకుంటాయి. వెనక గోడకు, పైకప్పు కింద, ఒక్కో గదికి ఒక్కో వెంటిలేటరు. ఆ గోడకూ గుట్టకూ మధ్య ఒక ఎడ్లబండి పట్టేంత జాగా. అక్కణ్ణుంచి పైకి అంతా గడ్డి. వానాకాలంలో నడుమెత్తు పెరిగి, చలికాలంలో పసుపు తిరిగి, శివరాత్రి నాటికి గలగలమంటుంది. గుట్ట అంటుకుంటే గదుల్లో ఉన్నవాళ్ళు బయటపడటానికి ఆ ఇరుకు సందు ఒక్కటే దారి. పగలు నిద్రపోయే నైట్ షిఫ్టు వాళ్ళు సగం మంది. చివరి గదిలో రబి, మినతి అనే ఒడియా జంట. రబి ఫౌండ్రీలో పని. వాళ్ళ పాపకు చీరతో కట్టిన ఊయల సరిగ్గా వెంటిలేటరు కింద వేలాడేది, గాలి తగులుతుందని.

నా మొదటి ఉద్యోగంలో నేనూ ఆ వరసలో ఒక గదిలో కిరాయికి ఉన్నాను. గది చూడటానికి వెళ్ళిన రోజు సేటమ్మ నా జీతం అడగలేదు, కులం అడగలేదు. నా చొక్కా అంచు పట్టుకొని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"నూలుదేనా?"

"సగం సగం సేటమ్మా."

"ఒక్కటన్న పూరా నూలుది కొనుక్కో. పని పడ్తది."

ఏం పని అని అడిగితే గుట్ట వైపు గడ్డం ఎత్తి చూపింది. అంతే. కిరాయి ఒప్పందంలో ఆ షరతు ఏమిటో నాకు ఫిబ్రవరి దాకా తెలియలేదు.

పొట్టి మనిషి. మందపాటి కళ్ళద్దాలకు నాడా కట్టి మెడలో వేసుకునేది. చేతికి మగవాళ్ళ గడియారం. మోకాళ్ళ నొప్పులు. అందుకని ఎక్కడికి కదిలినా ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఆమె వెంట కదిలేది. ఎవరు ఖాళీగా కనబడితే వాళ్ళు మోయాలి. ఆమె అత్తగారి వాళ్ళది సంగారెడ్డిలో ఎండుగడ్డి దందా. జొన్న చొప్ప, వరిగడ్డి, గుట్టగడ్డి కొని అమ్మేవాళ్ళు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆమె కూడా ఆ మండీలోనే కూర్చుందట. ఆ దందా ఎప్పుడు మూతబడిందో నాకు తెలియదు గానీ, చేతులకు అలవాటు పోలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక పరక తుంచి చెవి దగ్గర నలిపేది. అదేమిటని అడిగితే, "ఏమంటుందో ఇంటున్న," అనేది.

మాది కొండాపూర్ మండలంలో పత్తి పండించే ఊరు. మా దగ్గర పత్తికట్టె కాల్చడమంటే అగ్గిపుల్ల గీసి, ఇంటికొచ్చి అన్నం తినడం. కాలిందో లేదో తెల్లారి చూసుకుంటాం. సేటమ్మ కాల్చడం చూశాక, మా ఊరు ఇన్నేళ్ళు ఎలా మిగిలి ఉందా అని ఆశ్చర్యమేసింది.

ఆమె పద్ధతి ఇది. చలి పోతూ పోతూ ఉన్న రోజుల్లో పొద్దున్నే కుర్చీ వెనకకు వేయించుకొనేది. ఒక పరక వంచేది. అది వంగి మళ్ళీ లేస్తే "ఇంక పచ్చి" అని లేచి వచ్చేసేది. ఫట్‌మని విరిగితే "ఇగ తయార్." నలిపితే పొడయ్యేంత ఎండితే మాత్రం ఇక ఆ ఏడాదికి ముట్టించకూడదు. "పొడైన గడ్డి మన మాట ఇనదు," అనేది. ఈ మూడింటిలో మధ్యది కొద్ది రోజులే ఉంటుంది. ఆ రోజుల్లో సెలవు పెట్టి ఊరికి పోతానన్నవాడికి మూడినట్టే.

గడ్డి తయారైన రోజు, మంచు ఆరుతున్న వేళ అగరుబత్తి వెలిగేది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానీమాత గుడి బయట ఒక కొట్లో అవి కొనేది. ఒకసారి నన్ను బండి మీద తీసుకుపొమ్మంది. కొట్టువాడు మల్లె, గంధం, గులాబీ అన్నీ ముందు పెట్టాడు. "వాసన వద్దు బిడ్డా, పొగ కావాలె," అంది. వాడు నా వైపు చూశాడు. నేను గుడి గోపురం వైపు చూశాను.

పొగ గదుల వైపు నుంచి గుట్ట వైపు వంగాలి. అది కూడా కొంచెమే. గుట్ట నడుం మీద ఒకప్పుడు రాళ్ళ లారీలు తిరిగిన బాట ఉంది. కింద గోడ వెంట గడ్డి చెక్కి నేల తడిపి ఉంచేవాళ్ళం. పైన ఆ బాట అంచున ముట్టించేవాళ్ళం. మామూలుగా ఎవరైనా కిందే అంటిస్తారు. కింద అంటిస్తే మంట గుట్ట ఎక్కుతూ పరుగు తీస్తుంది, మన చేతిలో ఉండదు. పైన అంటిస్తే అది గాలికి ఎదురు, వాలుకు దిగువకు, వెనక్కి వెనక్కి నడవాలి. అలా దిగే మంట చీలమండ ఎత్తు దాటదు. సేఫ్టీ డిప్లొమాలో ఇది ఒక బొమ్మ, మూడు బాణాలు. సేటమ్మకు ఇది మోకాళ్ళ సంగతి: "ముసల్దాని లెక్క దిగాలెరా. మోకాళ్ళు పట్టుకొని, అయ్యో అయ్యో అనుకుంట."

గదుల వాళ్ళంతా వేపకొమ్మలు, తడి గోనెసంచులు పట్టుకొని వరసగా నిలబడేవాళ్ళం. ఆమె కుర్చీలో కూర్చొని ఒక్కొక్కణ్ణి పిలిచి, రవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకునే గుడ్డ కాదు గదా అని చొక్కా నలిపి చూసేది. ఇంకో నియమం, పని అయ్యేదాకా ఎవరూ అగ్గి, నిప్పు, మంట, ఆగ్ అనకూడదు. చుట్టం అనాలి. పేరు పెట్టి పిలిస్తే ఉరికొస్తుందట. "చుట్టానికి ఆకలి ఎక్కువ. మనం పిలిచి పెడితే మర్యాదగ తిని పోతడు. పిలువకుంటే ఎండాకాలం వాడే వస్తడు, ఇల్లంత తింటడు." బిహార్ కుర్రాళ్ళు కూడా నేర్చుకున్నారు. "దాదీ, చుట్టం ఇధర్ ఆ రహా!" అని ఒకడు, మంట తన వైపు వస్తుంటే, అరిచేవాడు. "రానియ్యి, కొమ్మతోని కొట్టు! ఊడ్వకు, కొట్టు! ఊడిస్తె నిప్—" అని నాలుక కరుచుకొనేది ఆమె. అందరూ నవ్వేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు.

అన్నీ సరిగ్గా చెప్పేదని కాదు. మంగళవారం ముట్టించేది కాదు, గాలి ఎంత బాగున్నా. నేను ఫోనులో గాలి వేగం, తేమ చూసి చెబితే, "నీ ఫోను ఏమంటుంది ఇంజినీరూ?" అని శ్రద్ధగా విని, తర్వాత తన అగరుబత్తి వెలిగించేది. రెండూ కలిస్తే, "ఇయ్యాల నీ ఫోనుకు బుద్ధొచ్చింది." ఒక ఏడు కలవలేదు. ఫోను గాలి మళ్ళుతుందంది, ఆమె మళ్ళదంది. మళ్ళింది. మంట కిందికి, గదుల వైపు ఉరకబోతే అందరం కొమ్మలతో మీదపడి చంపేశాం. నేనేమీ అనకముందే ఆమె అంది, "ఎవడో పేరు పెట్టి పిలిచిండు."

నాకు తెలుసుకోవాలని ఉండేది, ఇదంతా ఎందుకని. ఆ చుట్టుపక్కల కిరాయి గదులున్న వాళ్ళెవరూ గుట్ట సంగతి పట్టించుకోరు. కారణాలు చాలా వినిపించేవి. సంగారెడ్డిలో వాళ్ళ గడ్డి మండీ మొత్తం కాలిపోయిందని, అప్పట్నుంచి ఆమెకు ఆ భయం పట్టుకుందని ఎక్కువమంది నమ్మకం. భవానీమాత మొక్కు అని ఇంకొందరు. పాల ప్యాకెట్లు వేసే అతను మాత్రం, "ఏం లేదన్నా, అందర్ని ఒక్కరోజన్న లైన్ల నిలబెట్టాలె, గంతే," అనేవాడు. ఆమెనే అడిగితే అడిగినప్పుడల్లా వేరే జవాబు. ఒకసారి "తోచక" అంది. ఒకసారి "కొత్త గడ్డి మంచిగొస్తది" అంది. ఒకసారి నా వైపు చూసి, "నువ్వు ఫ్యాక్టరీల ఏం చేస్తవ్ మరి?" అంది.

గుట్టకు ఆ పక్క అపార్ట్‌మెంట్లు లేచిన మరుసటి ఏడాది, కాల్చడం ఆగిపోయింది. పొగ మీద ఎవరో ఫిర్యాదు చేశారు. మున్సిపాలిటీ నుంచి ఒకాయన వచ్చి, గడ్డి కాల్చకూడదని చెప్పాడు. సేటమ్మ కుర్చీలోంచే తగులుకుంది.

"రాత్రంత ఫ్యాక్టరీల వాసన పీలుస్తరు, ఎవ్వనికి దగ్గు రాదు. నా గడ్డి పొగకే వచ్చిందా దగ్గు?"

"అమ్మా, మూడో అంతస్తుల చిన్న పిల్లగాడున్నడు. ఆయాసం. పోయినేడు మీరు కాల్చిన దినం దవాఖాన్ల ఉంచిన్రట."

ఆమె మెడలోని కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచింది.

"గట్లయితె కోద్దాం," అంది.

అంత తొందరగా ఒప్పుకుంటుందని ఆయన కూడా అనుకోలేదు. ఇంకో రెండు మాటలు దాచుకొని వచ్చినట్టున్నాడు, వాటినేం చేయాలో తెలియక టీ తాగి పోయాడు.

ఆ ఏడు అందరికీ కొడవళ్ళు వచ్చాయి. బాట నుంచి గోడ దాకా గడ్డి కోశాం. ఒక గొల్లాయన మేకలు వదిలితే మిగిలిన పొదలు అవి చూసుకున్నాయి. నేను సంతోషించాను. ఆలోచించి చూస్తే ఇదీ అదే పని. మంట తినేదాన్ని ముందే తీసేయడం. పొగ లేకుండా.

ఆ రోజుల్లో సేటమ్మను చూడాలి. కోసిన గడ్డి చూసి ఆమెకు పదేళ్ళు తగ్గాయి. కుర్చీ మరిచిపోయింది. పిడికెడు గడ్డి తీసి ముక్కు దగ్గర పెట్టుకొని, కళ్ళు మూసుకొని, "గుట్టగడ్డి వాసన మల్ల ఇన్నేండ్లకు!" అంది. మోపు ఎలా కట్టాలో అందరికీ నేర్పింది. గడ్డినే మెలేసి తాడు చేసి, మోకాలు ఆనించి బిగించి, కొసను లోపలికి దోపాలి. రబి కట్టిన మోపు జారిపోతే, "ఫౌండ్రీల ఇనుము కరగవోస్తవ్ గాని గడ్డి కట్టరాదా బాబూ," అని మళ్ళీ తనే మోకాలు ఆనించింది. నొప్పికి ముఖం వంకర్లు పోతున్నా నవ్వుతూనే ఉంది. గుట్ట కాల్చే రోజుల్లో ఎప్పుడూ నవ్వని మనిషి.

ఆ మోపులన్నీ తెచ్చి గదుల వెనక గోడకు పేర్పించింది. ఎండ తగిలితే రంగు పోతుందని నీడవైపు. వాన తగిలితే నల్లబడుతుందని రేకు చూరు కింద. తేమ పట్టకుండా కింద రాళ్ళు. ఎండుగడ్డి నిల్వ చేయడానికి అంతకన్నా మంచి జాగా లేదు. గోడ పొడవునా, వెంటిలేటర్ల అంచు దాకా లేచింది గడ్డివాము.

నేను రెండు రోజులు చూసి, ఆమె కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాను.

"సేటమ్మా, గడ్డి గుట్ట మీదుంటెనే భయపడ్డం గద. ఇప్పుడు గోడకే ఆనిచ్చినం."

ఆమెకు నా మాట అర్థం కాలేదు. నిజంగానే కాలేదు. చెవిటివాడితో మాట్లాడినట్టు నాతో మాట్లాడింది.

"అది గడ్డి గాదు బిడ్డా. అది మాల్."

"మాల్ అయినా అంటుకుంటది గద."

"మాల్ ఎందుకంటుకుంటది? పుట్టి బుద్దెరిగినప్పటి నుంచి గడ్డిల కూసున్న నేను. వాము ఎట్ల పెట్టాలెనో నువ్వు నేర్పుతవా? జెర మంచి ధర రానీ, పోతది."

ఇంకేమన్నా మాట్లాడితే గది ఖాళీ చేయమనేలా ఉంది. లేచి వచ్చాను. వస్తుంటే నాకు ఒక సంగతి తట్టింది. మండీ కాలిపోయిందన్న కథ అబద్ధం. వాము అంటుకోవడం ఒక్కసారి కళ్ళతో చూసిన మనిషి నిద్రపోయే పిల్లల వెనక ఇలా పేర్చదు. ఆమెకు గుట్ట మీద గడ్డి తెలుసు, మండీలో గడ్డి తెలుసు. ఆ రెండూ ఒకటేనని ఆమె కంటికి ఎప్పుడూ కనబడలేదు. మరి గుట్టంటే అంత భయం ఎందుకు? ఆ ప్రశ్న మళ్ళీ మొదటికొచ్చింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున నేను సందులో పళ్ళు తోముకుంటున్నాను. సేటమ్మ రోజూలాగే వరస చివరిదాకా నడిచింది. చివరి గది ముందు నులకమంచం, దాని మీద పాప నిద్రపోతోంది. ఊయల చీర మడిచి తలగడ కింద పెట్టి ఉంది. మినతి పక్కన కూర్చొని బియ్యం ఏరుతోంది.

"ఏంది బేటీ, పోరి బయట పండింది? చలి పెట్టదా?"

మినతి ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

"రాత్రంత ఈడనేనా?"

"హా దాదీ."

"ఎందుకు? లోపట నల్లులా?"

మినతి బియ్యంలో వేళ్ళు ఆపింది. ఆమెకు అప్పటికి తెలుగు కొంచెమే వచ్చు. "వెనక..." అని, మిగతాది తెలుగులో దొరక్క, "డర్ లగ్తా దాదీ," అంది, భయమేస్తోందని.

సేటమ్మ మంచం మీద పాపను చూసింది. వెంటిలేటరున్న వైపు, గది కప్పు మీదుగా చూసింది. కుర్చీ తెమ్మని ఎవరినీ పిలవకుండా గది పక్కనుంచి వెనక్కి నడిచింది. నేను నోట్లో బ్రష్షుతోనే వెంట వెళ్ళాను.

వాముకు బాగా ఎడంగా, చెక్కిన నేల మీద నిలబడి, కొంగు ముడి విప్పి అగరుబత్తి తీసింది. వెలిగించింది. ఇన్నేళ్ళూ ఆమె గుట్టకు ఎదురుగా నిలబడి వెలిగించేది, గోడకు వీపు పెట్టి. ఆ రోజు మొదటిసారి గుట్టకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడింది.

గుట్ట మీంచి చల్లగాలి పొద్దున కిందికి జారుతుంది. పొగ కాసేపు నిటారుగా లేచింది, తర్వాత వంగింది, వాము మీదుగా సాగి, ఎవరో లోపల్నుంచి పీలుస్తున్నట్టు, తిన్నగా మినతి గది వెంటిలేటర్లోకి పోయింది.

ఆమె అది చివరిదాకా చూసింది. సగం కాలిన పుల్లను నేలకు పొడిచి, చెప్పుతో నలిపి, ఇంకా నలిపి, నలుపుతూనే ఉంది.

"అందర్ని పిలువు," అంది. "జల్దీ."

"ఎక్కడ పెట్టమంటవ్ సేటమ్మా?"

"ఎక్కడా వద్దు. గొల్లాయనకు ఫోన్ చెయ్, బర్లున్నోళ్ళకు చెయ్. ఎవరికి కావాల్నో తీస్కపొమ్మను. పైసల్ అడుగకు."

మధ్యాహ్నం దాకా ట్రాలీలు వచ్చాయి. ఆమె ఎర్ర కుర్చీ సందులో, ట్రాలీలు కనబడని వైపు తిప్పి వేయించుకొని కూర్చుంది. మోపులు లెక్కపెట్టనూ లేదు, కట్లు సరిగ్గా ఉన్నాయా అని చూడనూ లేదు. ఒక బర్రెల ఆయన పరక నలిపి, వాసన చూసి, "ఎవరు పెట్టిన్రో గాని కమ్మగుందమ్మా గడ్డి," అన్నాడు. ఆమె తల ఊపింది.

ఏప్రిల్ మొదట్లో, మిట్టమధ్యాహ్నం, గుట్ట అటువైపు నుంచి పొగ లేచింది. ఎవరు అంటించారో, ఎలా అంటుకుందో తెలియలేదు. నేను ఆ రోజు సెలవు పెట్టి గదిలోనే ఉన్నాను. చూస్తుండగానే మంట శిఖరం మీదికొచ్చింది. అటువైపు గడ్డి ఎవరూ కోయలేదు, అక్కడ మంట మనిషెత్తు లేచింది. ఆ చప్పుడు వానలా ఉంది. నైట్ షిఫ్టు వాళ్ళు లుంగీల మీదే బయటికొచ్చారు. శిఖరం దాటి మా వైపు దిగి, రాళ్ళ బాట దాటి, మేం కోసిన మోళ్ళ మీదికొచ్చేసరికి అది మోకాలంత అయింది, ఇంకా దిగేసరికి చెప్పు అంచంత అయింది. అక్కడక్కడ మేకలు వదిలేసిన ఒక పొద దొరికితే మాత్రం ఒక్కసారి లేచి మళ్ళీ పడుకునేది. మేం కొమ్మలు పట్టుకొని గోడ ముందు వరసగా నిలబడ్డాం. మా దాకా వచ్చింది కొద్దిగానే, అదీ నాలుగు దెబ్బలకు పోయింది.

సేటమ్మ సందు మొదట్లో, రోడ్డు పక్కన కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో మినతి పాప. రబి పరుగున వెళ్ళి, "దాదీ, ఆగ్ బుఝ్ గయీ!" అన్నాడు, మంట ఆరిపోయిందని. పేరు పెట్టినందుకు ఆమె తిడుతుందని అందరం చూశాం.

తిట్టలేదు. పాప వేళ్ళు తన కళ్ళద్దాల నాడాలోంచి ఒక్కొక్కటే విడిపిస్తూ, "చూస్తి," అంది.

ఆ తర్వాత కొత్తగా గదిలో దిగిన వాళ్ళకు ఆమె చెప్పే మాట మారింది. చొక్కా నలపడం అలాగే ఉంది. పరక విరవడం అలాగే ఉంది. కానీ గడ్డి కోసే ముందు అగరుబత్తి ఎక్కడ వెలిగించాలని అడిగితే, "ముందు మన గోడ ఎనక. తర్వాతనే గుట్ట," అనేది. ఎందుకని ఎవరైనా అడిగితే నా వైపు చూసేది కాదు, నేనూ ఆమె వైపు చూసేవాణ్ణి కాదు.

ఇదంతా యాదయ్యకు చెప్పేసరికి నా చేతిలో అగరుబత్తి సగం అయింది.

మా ఫ్యాక్టరీ వెనక గోడకు, బయటివైపు, సరుకు పెట్టే చెక్క ప్యాలెట్లు గోడెత్తు పేర్చి ఉన్నాయి. గోడకు అవతల, ఇట్టే అంటుకునే సాల్వెంట్ డ్రమ్ముల షెడ్డు. ఆ ప్యాలెట్ల గురించి స్టోర్ ఇన్‌ఛార్జితో నేను రెండుసార్లు మాట్లాడాను. "అవి చెత్త కాదు సార్, ఒక్కోటి మంచి టేకు లెక్క ఉంది. రిపేర్ చేసి మల్ల వాడుతం," అన్నాడు రెండుసార్లూ. ఆ ప్యాలెట్ల నీడలో, వాటికి ఆనించి, యాదయ్య కుర్చీ ఉంటుంది. ఎండాకాలం అంతకన్నా చల్లని జాగా లేదక్కడ.

పొగ నా చేతి మీంచి లేచి, ప్యాలెట్ల సందుల్లోకి, అక్కణ్ణుంచి గోడ మీదుగా షెడ్డు వైపు పోతోంది. యాదయ్య దాన్ని కొసదాకా చూశాడు. నేను అగరుబత్తి మీద నీళ్ళు పోశాను. అతను బూట్లు తొడుక్కొని, వెళ్ళి తన కుర్చీ తీసుకొని, రోడ్డు దాటి అవతల ఎండలో వేసుకొని కూర్చున్నాడు.

కాసేపటికి స్టోర్ ఇన్‌ఛార్జి బండి మీద వచ్చాడు.

"యాదయ్యా, ఎండల కూసున్నవేంది? దిమాగ్ ఖరాబైందా?"

"భయమైతుంది సార్."

"దేనికి?"

యాదయ్య రోడ్డు అవతలి ప్యాలెట్ల వైపు చూశాడంతే. ఇన్‌ఛార్జి బండి దిగాడు. ప్యాలెట్ల దగ్గరికి నడిచి, పైనున్న ఒక దాని అంచు మీద చెయ్యి పెట్టి, కట్టె నునుపు చూస్తున్నట్టు మెల్లగా రాశాడు. యాదయ్య ఖాళీ చేసిన నీడను చూశాడు. తర్వాత గోడను, గోడ పైన కనబడుతున్న షెడ్డు రేకులను చూశాడు. జేబులోంచి ఫోను తీశాడు.

"ఫోర్క్‌లిఫ్ట్ ఖాళీగుందా?" అని అడుగుతున్నాడు ఎవరినో.

నేను రోడ్డు దాటి యాదయ్య కుర్చీ దగ్గరికి వెళ్ళాను. అతను నా వైపు చూడకుండా, మెల్లగా, నా ఒక్కడికే వినబడేలా అన్నాడు:

"దేవుడు లేడంటిరి గద సార్."